ఫిల్మ్‌నగర్‌లో అరెకరం వరి

దేశంలో వ్యవసాయం చచ్చిపోయిందని ఎవరండీ అన్నది? నిక్షేపంలా ఉంది. అడ్రస్ మారిందంతే!

శంకర్‌పల్లి వైపు కూరగాయలు పండిన నేలలో ఇప్పుడు విల్లాలు పండుతున్నాయి. మన ద్రాక్షతోటలు నాసిక్ వాళ్లకి వదిలేశాం. పాడి కూడా ఎటో దూరపు జిల్లాలకు వెళ్లిపోయింది. అయితే ఏం? జూబ్లీహిల్స్ మేడల మీద లెట్యూస్ మొలుస్తోంది. పోర్టికోలో పుంగనూరు ఆవు ఏసీ కింద నెమరువేస్తోంది. ఇంకేం కావాలండీ మనకి?

అందరికన్నా అదృష్టవంతుడు భిక్షం. తను కౌలుకు చేస్తున్న రెండెకరాలనూ యజమాని వెంచర్ వాళ్లకు అమ్మేస్తే, బర్రెల్ని సంతలో వదిలించుకుని కృష్ణానగర్‌లో గది తీసుకున్నాడు. నాలుగేళ్లుగా కొట్టు బియ్యమే. ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా "గీ బియ్యం ఏ ఊరివో" అని గొణుక్కుంటాడు.

అలాంటివాణ్ణి వ్యవసాయమే వెతుక్కుంటూ వచ్చింది! ఆర్ట్ డైరెక్టర్ క్రాంతికుమార్‌కి ఒక పాట కోసం స్టూడియో వెనక అరెకరం అసలు సిసలు వరి కావలసివచ్చింది.

"పండించు బాబాయ్. పాట అయిపోయాక గింజలన్నీ నీవే" అన్నాడు.

భిక్షం మూడు నెలలు ఆ చేలోనే బతికాడు. రోజూ ట్యాంకర్‌తో నీళ్లు, అడిగిన గంటలో యూరియా, పిట్టల్ని తోలడానికి ఇద్దరు జూనియర్ ఆర్టిస్టులు! ఏ జిల్లా రైతుకుందండీ ఈ వైభోగం?

పాట తీశారు. కంకులు అప్పుడే పాలు పోసుకుంటున్నాయి.

మర్నాడు క్రాంతికుమార్ డైరెక్టర్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. "చేను సార్‌కి బాగా నచ్చింది బాబాయ్. తర్వాతి సీన్ కరువు. ఇవాళే నీళ్లు ఆపెయ్, వారంలో ఎండిపోవాలి. దానికీ కూలీ ఇప్పిస్తా."

భిక్షం చేతులు జోడించాడు. "జర ఇరవై దినాలు ఆగున్రి సార్, కోసుకుంటా. నాలుగేండ్ల సంది నేను పండించిన బువ్వ తినలె."

"అప్పటికి హీరో గారి డేట్స్ ఉండవు బాబాయ్."

భిక్షం చేను వైపు తిరిగాడు. "ఎండబెట్టెతందుకు కూలీ ఎందుకు సార్? మా ఊర్ల గది ముఫత్‌కే అయితుండె."

డైరెక్టర్ ముఖం వెలిగిపోయింది. "డైలాగ్ బాగుంది. రాసుకో, హీరోకి పెడదాం" అన్నాడు అసిస్టెంట్‌తో.

ఆ మాట హీరో గారి నోట పడితే థియేటర్లు దద్దరిల్లిపోవూ? రైతు గోడు ఇంతమందికి వినిపించడం సామాన్యమా!

భిక్షం ట్యాంకర్ డ్రైవర్‌కి ఫోన్ చేసి రేపటి నుంచి రావద్దని చెప్పాడు. గట్టు మీద కూర్చుని ఒక కంకి తుంచి నలిపాడు. వేళ్లకు పాలు అంటుకున్నాయి తప్ప గింజ లేదు.