చెంచా పడేదాకా

ఆ మంగళవారం ఫోల్కె వేసుకున్న లెక్క చాలా సులువైనది. పొద్దున్నే అతిథులు దిగుతారు. దుకాణంలో మూడు కప్పుల టీ, ఆ టీకి సరిపడా చరిత్ర. తర్వాత హబ్బో గాలిమర. అక్కడి నుంచి రేవులో ఉబ్బో రొయ్యల పడవ. మధ్యాహ్నం ఆటు సమయానికి సముద్రం వెనక్కి పోయి బురదనేల బయటపడుతుంది గనక, బూట్లు విప్పి దాని మీద నడక. పోటు తిరిగొచ్చేలోగా అతిథులు కరకట్ట ఎక్కి, కాళ్లు కడుక్కుని, "మా బస్సులు ఇక్కడ ఆగుతాయి" అనేయాలి. ఇందులో ఎక్కడా నష్టం వచ్చే చోటు ఆమెకు కనిపించలేదు.

ఆ ఒక్క మాట మీదే ఆమె దుకాణం ఆధారపడి ఉంది. లూట్‌జీల్ రేవులో టీ దుకాణం ఉన్న భవనం పంచాయతీది. ఈ వేసవిలో కూడా గిరాకీ ఇలాగే ఉంటే ఆకురాలు కాలంలో ఖాళీ చేయించి, అద్దె సైకిళ్లవాడికి ఇస్తామని పంచాయతీవాళ్లు మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెప్పినవాళ్లు మాట మార్చుకోరని ఫోల్కెకు తెలుసు. సరిగ్గా అప్పుడే జర్మనీ దక్షిణపు కొసన ఉన్న బవేరియా నుంచి ఒక బస్సుల కంపెనీవాళ్లు ఫోను చేశారు. ఉత్తర తీరంలోని ఈ ఓస్ట్‌ఫ్రీస్లాండ్‌కు యాత్ర ఒకటి వేసే ఆలోచన ఉందట, ముందు ఊరు చూస్తామట. రైండిల్ అనే భార్యాభర్తలు వస్తారట.

ఫోల్కెకు వ్యాపారంలో ఉన్న కడుపుమంట ఒక్కటే. బ్రెమెన్ నుంచి టీ ఆకు నమూనాలు పట్టుకుని వచ్చే ఏజెంట్లు ఆమెను ఎగాదిగా చూసి, "యజమాని గారున్నారా అమ్మా?" అని అడుగుతారు. వెనక గదిలోంచి ఆమె మొగుడు ఎయిలర్ట్, "ఉన్నారు, మీ ఎదురుగానే ఉన్నారు. నేను కప్పులు కడిగేవాణ్ణి," అంటాడు. అలా అడిగిన ఏజెంటు తెచ్చిన నమూనా విప్పకుండానే వెనక్కి పోతుంది. ఆ నియమం ఆమె ఎవరికోసమూ సడలించలేదు.

కారు దిగిన కోర్బీనియన్ రైండిల్ భారీ మనిషి. గుబురు మీసం, పచ్చ కోటు. ఆయన వెనక భార్య వాల్‌బుర్గా దిగింది. సన్నగా, ముతక బూట్లతో, మాటాపలుకూ లేకుండా.

"రండి రండి, రైండిల్ గారూ! మీ బస్సుల గురించి ఎంత విన్నామో," అంది ఫోల్కె.

"నాదేముందమ్మా! నాకు బండి నడపడం ఒక్కటే తెలుసు. మిగతాదంతా మా ఆవిడే చూసుకుంటుంది," అన్నాడాయన.

ఫోల్కె నవ్వింది. 'మా ఆవిణ్ణి అడగాలి' అనే మాట గల్లా ముందు నిలబడి ఆమె ఎన్నిసార్లు వినలేదు! ధర తగ్గించమని నోరు విడిచి అడగలేనివాళ్లు అనే మాట అది. అసలు బేరం ఈయనతోనే అని తేల్చుకుని, కిటికీ పక్కనున్న మెత్తని కుర్చీ ఆయనకు వేసింది.

కప్పు అడుగున పటికబెల్లం పలుకు వేసి వేడి టీ పోసింది. పలుకు చిటచిటలాడింది. అంచు వెంబడి మీగడ జార్చింది. అది మబ్బులా పైకి తేలింది. సరిగ్గా అప్పుడు వాల్‌బుర్గా చెంచా తీసుకుని టీని గిరగిరా తిప్పేసింది.

తలుపు సందులోంచి చూస్తున్న ఎయిలర్ట్ చేతిలోంచి గుడ్డ జారింది. ఆ ఊళ్లో టీ తిప్పడమంటే వడ్డించిన విస్తరిలో అన్నీ కలిపేసి పిసకడం లాంటిది. వాల్‌బుర్గా అదేమీ గమనించకుండా కప్పు ఖాళీ చేసి, చెంచా అందులో పడేసి, లేచింది.

"బాగుందమ్మా. నేను అలా తిరిగొస్తాను."

మూడు కప్పులైనా తాగకుండా లేచిపోవడం ఇంటిని అవమానించడమే. అయినా ఫోల్కె కోర్బీనియన్ వైపే తిరిగింది. కొనేవాడు కూర్చునే ఉన్నాడు. వెంట వచ్చినవాళ్లు పోతే పోనీ.

కోర్బీనియన్ కూడా కప్పు ఖాళీ చేశాడు. వాళ్ల అమ్మ నేర్పిన పద్ధతిలో చెంచాను సాసరులో శుభ్రంగా పక్కకు పెట్టాడు. ఫోల్కె మళ్లీ పోసింది.

అక్కడి ఆచారం అది. టీ చాలనుకున్నవాళ్లు చెంచా కప్పులో పెడతారు. అది కప్పులో పడేదాకా ఇంటివాళ్లు పోస్తూనే ఉండాలి. "చాలా?" అని అడిగితే వీధి తలుపు చూపించినట్టు. చెంచా సంగతి విప్పి చెబితే ఇంకా ఘోరం, తలుపు తీసి పట్టుకున్నట్టు. లూట్‌జీల్‌లో పుట్టినవాళ్లకు ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. ఊరు దాటితే ఎవరికీ తెలియదన్న సంగతి మాత్రం లూట్‌జీల్‌లో ఎవరికీ తట్టలేదు.

కోర్బీనియన్ సంగతి వేరు. కారులో వాల్‌బుర్గా గట్టిగా చెప్పింది: "ఉత్తరాదివాళ్లు పైకి అనరు, మనసులో పెట్టుకుంటారు. ఏది పెట్టినా వద్దనకండి." అందుకని ఆయన పోసిందల్లా తాగాడు. తాగాడు గనక ఆమె పోసింది.

మూడు కప్పులకని అట్టిపెట్టుకున్న చరిత్ర మూడు కప్పులకే అయిపోయింది. రాజులకు తలవంచని తమ పూర్వీకులు ఫ్రీజియన్లు, ఊరికొక నాయకుడు, వాళ్లు చేరదీసిన సముద్రపు దొంగలు, ఊళ్లకు ఊళ్లను మింగిన వరదలు, సముద్రం నోట్లోంచి కరకట్టలతో లాక్కున్న పొలాలు, అన్నీ చెప్పేసింది. చెంచా కదల్లేదు. ఫోల్కె ఆర్థిక వ్యవస్థలోకి దిగింది. రొయ్యలు, పాడి, గాలిమరల కరెంటు. చెంచా సాసరులోనే ఉంది. అప్పుడిక ఎయిలర్ట్ తాతగారి ఆవు కరకట్ట ఎక్కి దిగనని మొరాయించిన సంగతి ఎత్తుకుంది.

"ఇంకా... ఉందా అమ్మా, చరిత్ర?" అన్నాడు కోర్బీనియన్ నీరసంగా.

"ఎంత ఆసక్తండీ మీకు!" అని కరిగిపోయింది ఫోల్కె. "ఎయిలర్ట్! నీళ్లు పెట్టు!"

"మళ్లీనా? ఆయన మనిషా, ఒంటెనా?" అన్నాడు ఎయిలర్ట్ లోపలి నుంచి.

"నోరు మూసుకో. గిరాకీ."

కోర్బీనియన్ బాత్‌రూమ్ ఎక్కడని అడిగి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి కప్పు నిండుగా, మబ్బుతో సహా ఎదురు చూస్తోంది.

ఆలస్యమవుతుందని చెప్పడానికి ఎయిలర్ట్ గాలిమరకు ఫోను చేశాడు. "ఇప్పట్లో లేచేలా లేడు, హబ్బో. తాగుతూనే ఉన్నాడు."

"తాగుతూనే ఉన్నాడా? ఎన్ని?"

"లెక్క ఎవడు పెట్టాడు? రెండో కెటిల్."

హబ్బో ఫోను పెట్టేశాడు. ఫోల్కె దగ్గర రెండు కెటిళ్లు తాగినవాడు తన దగ్గర రెండు కప్పులతో లేచిపోతే, హబ్బో గాలిమర టీ నోట పెట్టుకోలేమని ఊరంతా అనుకోదూ! అతను మర తాళం తీసిపెట్టి, పెళ్లిళ్లకు వాడే పెద్ద పింగాణీ కూజా తేవడానికి ఇంటికి పరుగెత్తాడు. దారిలో రేవులోని ఉబ్బోకు ఫోను చేసి, "ఒరేయ్, మామూలు మనిషి కాదు వస్తున్నది. సిద్ధంగా ఉండు," అన్నాడు.

గాలిమర దగ్గర కోర్బీనియన్ రెక్కలు తిరగడం చూడలేదు. వాటి కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఫోల్కె పక్కనే నిలబడి, ఇది ఎప్పుడు కట్టారో, ఎవరు కట్టారో చెబుతోంది. ఆయన చేతిలో కప్పూ సాసరూ అప్పటికే టకటకమంటున్నాయి.

"మొహమాటపడకుండా చెప్పండి," అన్నాడు హబ్బో. "ఇది బాగుందా, ఫోల్కక్క టీ బాగుందా?"

"రెండూ... రెండూ బాగున్నాయండీ."

సమానం అనేసరికి హబ్బో మొహం ముడుచుకుంది. మళ్లీ పోశాడు.

"గాలిమర లోపలికి వెళ్లి చూద్దామా?" అన్నాడు కోర్బీనియన్, ఆశగా తలుపు వైపు చూస్తూ.

"కూజా చల్లారిపోతుందండీ. మర ఎక్కడికీ పోదు, నూటయాభై ఏళ్లుగా ఇక్కడే ఉంది."

రేవు చేరేసరికి సూర్యుడు నడినెత్తి దాటాడు. ఉబ్బో తన రొయ్యల పడవలో పొయ్యి ముందే వెలిగించి, తార్రోడ్డు రంగులో డికాషన్ కాచి ఉంచాడు. అది కప్పుల్లో పోసే రకం కాదు, గట్టి మగ్గుల్లో పోసేది. చరిత్రలో ఆ పడవలో చెంచా ఎప్పుడూ లేదు. కాబట్టి ఆపే దారి కూడా లేదు.

"మావాళ్లతో పోటీపడి తాగారట కదా!" అన్నాడు ఉబ్బో మెచ్చుకోలుగా. "ఇదిగో, ఇది తాగితే అదంతా వేడినీళ్లని తెలుస్తుంది."

పడవ ఊగుతోంది. లోపల కోర్బీనియన్, కోర్బీనియన్ లోపల టీ, వేటికవి ఊగుతున్నాయి. రేవు గోడ మీద నిలబడి ఆ వైభోగం చూస్తున్న ఫోల్కె, ఎందుకో తల తిప్పి సముద్రం వైపు చూసింది. బురదనేల అంచున నీళ్లు మెరుస్తున్నాయి. పోటు తిరిగింది. నడక పోయింది. సగం యాత్ర ఆ నడకే.

రెండో ఆలోచన అప్పుడు తట్టింది.

"ఎయిలర్ట్, ఆవిడ ఏదీ?"

"ఏ ఆవిడ?"

"టీ తిప్పినావిడ!"

పొద్దుటి నుంచి ఆమెను ఎవరూ పట్టించుకోలేదు. వల బాగుచేస్తున్న ముసలావిడొకతె, ముతక బూట్ల మనిషి మధ్యాహ్నం కరకట్ట దాటి బురదలోకి దిగడం చూశానంది. తిరిగే నీటికి ఎదురుపడ్డ పరాయి ఊరి మనిషి అంటే ఏమిటో రేవులో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పైగా ఆమె కొనేవాడి పెళ్లాం.

ఊరి అగ్నిమాపక దళమంటే హబ్బో, అతని ఇద్దరు తమ్ముళ్లు, ఒక తాడు. ముగ్గురూ తాడుతో కరకట్ట ఎక్కారు. ఫోల్కె, కోర్బీనియన్ పడవ దిగి అప్పటికే దూరిన రేవు బాత్‌రూమ్ తలుపు బాదింది.

"రైండిల్ గారూ! మీ ఆవిడ కనబడటం లేదు!"

"అయ్యో!" అంది లోపలి నుంచి గొంతు. "వెతకండమ్మా, వెతకండి! నేను ఇప్పుడే రాలేను!"

హబ్బో తాడు ముడి విప్పుకోవడం పూర్తికాకముందే వాల్‌బుర్గా కరకట్ట మీద నడుచుకుంటూ వచ్చింది. మోకాళ్ల దాకా బురద. బూట్లు మెడలో వేలాడుతున్నాయి. చేతిలో రొయ్యలు పెట్టిన బన్ను. బడి పిల్లలను బురదనేలకు తీసుకెళ్లిన గైడు వెనకాలే వెళ్లి, వాళ్లతోపాటే తిరిగొచ్చిందట.

"ఈ తాడెందుకు?" అంది.

"మామూలుగానే," అన్నాడు హబ్బో.

"ఆయన ఎక్కడ?"

"టీ... తాగారండీ," అంది ఫోల్కె.

"ఇంకానా!" వాల్‌బుర్గా రేవు బల్ల మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. "సరే, ఆయన వచ్చేలోపు మన మాట తేల్చుకుందాం. బస్సులు ఎన్ని తేవాలో నేను చెబుతాను, మీరు రాసుకోండి."

"మీరా?"

"మరెవరు? కంపెనీ మా నాన్న నాకిచ్చాడు. ఆయన డ్రైవరు. మంచి డ్రైవరు. పొద్దున ఆయన చెప్పలేదా?"

చెప్పాడు. గుమ్మంలోనే చెప్పాడు. యజమాని గారున్నారా అమ్మా అని అడిగే ఏజెంట్ల గొంతులన్నీ ఫోల్కె చెవిలో ఒక్కసారిగా మోగాయి. ఈసారి అడిగిన గొంతు తనదే. ఎయిలర్ట్ ఆమె వైపు చూడకుండా, చాలా శ్రద్ధగా సముద్రాన్ని చూస్తున్నాడు.

"క్షమించండమ్మా," అంది ఫోల్కె. "మిమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. ఏదీ చూపించలేదు."

"అదే కదా నాకు నచ్చింది!" అంది వాల్‌బుర్గా. "ఏ ఊరెళ్లినా గుమ్మంలోనే పట్టుకుని, కూర్చోబెట్టి, చరిత్ర చెబుతారు. మా ప్రయాణికులు దండం పెడుతున్నారు, వద్దని. ఇక్కడ ఒక్క కప్పు ఇచ్చి వదిలేశారు. గాలిమర తాళం తీసి ఉంది, ఎవరూ లేరు, పైదాకా ఎక్కి చూశాను. రేవులో బన్ను కొనుక్కున్నాను. బురదలో నడిచాను, ఇసుక దిబ్బ మీద సీల్ జంతువులను చూశాను. మనిషిని మనిషిలా వదిలేసే ఊరు ఇన్నాళ్లకు దొరికింది. వేసవంతా వారం వారం బస్సు వస్తుంది. ఒక్క షరతు."

"చెప్పండి."

"డ్రైవరుకు టీ పోయకూడదు."

అప్పుడే బయటికొచ్చిన కోర్బీనియన్ గోడ పట్టుకుని నిలబడ్డాడు. బేరం కుదిరాక దాచడానికేం లేదు గనక ఫోల్కె ఆయనకు చెంచా సంగతి చెప్పింది.

"కప్పులో పెడితే చాలా?"

"చాలు."

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"చెబితే మిమ్మల్ని పొమ్మన్నట్టు కాదూ!" అంది ఫోల్కె, నొచ్చుకుంటూ.

వాల్‌బుర్గాకు కూడా ఆ ఆచారం తెలియదు. బల్లగుడ్డ మీద మరక పడకూడదని ఆమె ఇంట్లో కూడా చెంచా కప్పులోనే వేస్తుందట.

అద్దె సైకిళ్లవాడు పక్క ఊరు చూసుకున్నాడు. వారం తర్వాత బ్రెమెన్ నుంచి కొత్త ఏజెంటు వచ్చాడు. నున్నగా దువ్విన తల, తోలు సంచి. ఫోల్కెను ఎగాదిగా చూసి, "యజమాని గారున్నారా అమ్మా?" అన్నాడు. వెనక గదిలో ఎయిలర్ట్ నోరు తెరవబోయాడు. ఫోల్కె చేత్తో వారించి, కిటికీ పక్కనున్న మెత్తని కుర్చీ చూపించింది.

"వస్తారు, కూర్చోండి బాబూ," అని కప్పు నిండా టీ పోసింది. చెంచా సంగతి మాత్రం చెప్పలేదు.