మానేసిన కారణం రాయగలరు

పొద్దున పదిమంది శిష్యులకు వయొలిన్ పాఠం, మధ్యాహ్నం పరిశోధన, సాయంత్రం కచేరీ. టీచరమ్మ ఆ రోజుకు చేసుకున్న ఏర్పాటు అది. పదేళ్లుగా ఆమెది మూడు పడవల ప్రయాణం. ఉన్నవి రెండే కాళ్లయినా ఇంతవరకూ మునగలేదు.

శిష్యులు వయొలిన్ మధ్యలో ఎందుకు మానేస్తారన్నది ఆమె పరిశోధన. మానేసిన వాళ్లకోసం ఉత్తరం తయారుచేసి, "ఏమండీ, దీన్ని లిస్టులో వాళ్లందరికీ మెయిల్ చెయ్యండి" అని భర్తకు చెప్పి స్నానానికి వెళ్లింది. కంప్యూటర్లో లిస్టులు రెండున్నాయి. ఆయనకు మొదటిది కనిపించింది.

తొమ్మిదైనా పాఠానికి ఒక్కరూ రాలేదు. ఫోన్ మాత్రం వచ్చింది.

"టీచరుగారూ, మా పాప వయొలిన్ మానేసిందా?" ఒక శిష్యురాలి తల్లి అడిగింది. "మరి వారానికి మూడ్రోజులు పెట్టె పట్టుకుని ఎక్కడికి పోతోందండీ?"

"మా ఇంటికే వస్తోందమ్మా! మానేసిందని ఎవరన్నారు?"

"మీరేగా రాశారు! 'మీరు మానేసినందుకు విచారిస్తున్నాను, కారణం రాయగలరు' అని!"

టీచరమ్మ చేతిలోని వయొలిన్ కమాను జారి కింద పడింది.

"ఏమండీ! ఎవరికి పంపారు?"

"శిష్యులు అని ఉందిగా, వాళ్లకే."

"పాత శిష్యులకండీ! కొంప ముంచారు!"

"పాత అని చెప్పొద్దూ?" అన్నాడాయన, తనే మోసపోయినట్టు.

అంతలో కచేరీ హాలు మేనేజరు ఫోను. ఆయన కోడలు కూడా శిష్యురాలే.

"మీరు అందర్నీ మాన్పించేస్తున్నారటగా? ఒంట్లో బాగాలేదా అమ్మా? కంగారు పడకండి, సాయంత్రానికి వేరే ఆయన్ని పెట్టేశాం. విశ్రాంతి తీసుకోండి."

"అది కాదండీ" అనేలోపే ఫోన్ పెట్టేశాడు.

కచేరీ పోతే పోయింది, శిష్యులనైనా దక్కించుకుందామని ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. 'పొరపాటు జరిగింది, ఎవరూ మానలేదు' అని రాయబోతుంటే, అప్పటికే పది జవాబులు వచ్చి ఉన్నాయి.

'మీకెలా తెలిసిపోయింది టీచర్? ఆర్నెల్లుగా చెబుదామంటే నోరు రాలేదు.'

'వేళ్లు కాయలు కాశాయి. పాట మాత్రం పండలేదు.'

ఒకటి శిష్యుడి భార్య రాసింది. 'మా ఆయన మానేసినందుకు మీరు విచారించకండి. ఇక్కడ మేమెవరమూ విచారించడం లేదు.'

పదిమందీ అదే పాట. ఏం చేయాలో తోచక, టీచరమ్మ ఆ జవాబులన్నీ పరిశోధన గైడుకు పంపేసింది.

మర్నాడు గైడు ఆనందం పట్టలేక ఫోన్ చేశాడు. "ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత నిజాయితీగా జవాబులు రావడం చూడలేదమ్మా! పట్టా ఖాయం. ఇక చివరి అధ్యాయమే మిగిలింది. శిష్యులు మానకుండా ఉండాలంటే గురువు ఏం చెయ్యాలి?"

టీచరమ్మ ఖాళీగా ఉన్న పాఠాల గది వంక ఒకసారి చూసింది.

"అడక్కూడదండీ" అంది.