సున్నా శాతంపై దండయాత్ర

సహస్ర గాజుసౌధ విరాజితమై, అవిచ్ఛిన్న హారన్ నాద ముఖరితమై, ఒక్కొక్క సిగ్నలు దగ్గర ఒక్కొక్క పుట్టినరోజు జరుపుకొనే సహనమూర్తులకు ఆటపట్టైన సైబరాబాదు మహామండలంలో, శేరిలింగంపల్లి సీమలో, కొత్తగూడ ఫ్లైఓవరుకు కూతవేటు దూరంలో, ఐదంతస్తుల అపార్టుమెంటు శిరోభాగాన, నీళ్లట్యాంకుకు ఈశాన్యంగా రెండు గదుల వాటా ఒకటి వెలసి ఉంది. ఫాల్గుణ మాసం, ఆదివారం, భోజనానంతర శుభసమయం. సెలవన్న మాటే ఎరుగని సూర్యుడు టెర్రసు మీద ప్రచండంగా విధులు నిర్వహిస్తున్నాడు. వినండి.

ఆ వాటాను ఏలుతున్నది పెళ్లయి నలభై రోజులైనా నిండని జంట. ఆమె రసజ్ఞ, కాకినాడ నుంచి కాపురానికి వస్తూ బస్సులో రాత్రంతా ఒక మందారమొక్కను ఒళ్లో పెట్టుకుని తెచ్చిన సాహసి. అతడు లోహిత్, ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో డిస్టింక్షను పొంది, ఆ విద్యను అక్కడే వదిలి సాఫ్ట్‌వేరు అరణ్యంలోకి నడిచిన వీరుడు.

గుమ్మం పక్క కుండీలో ఆ మందారం ఇంతవరకు ఎనిమిది పూలు పూసింది. ఎనిమిదీ తెల్లవారేసరికి మాయమయ్యాయి. కొత్త కాపురంలో తన చెట్టు పువ్వు ఒక్కటైనా తన జడలోకి ఎక్కలేదన్న దుఃఖం రసజ్ఞ గుండెలో ముల్లులా దిగింది. తొమ్మిదో మొగ్గ ఎర్రగా ఉబ్బి మర్నాటి ఉదయానికి సిద్ధంగా ఉంది. మరో మొగ్గ లేదు.

దొంగను పట్టడానికి లోహిత్ ఒక కెమెరా కొన్నాడు. తీగలు లేని కెమెరా అని దాని బిరుదు. గుమ్మం పక్కగోడకు మనిషి ముఖమంత ఎత్తున దాన్ని బిగించి, ఎండ తిని దానికి తినిపించే సోలారు పలకను పైన సజ్జ మీద ప్రతిష్ఠించాడు. రెండింటి మధ్య మాత్రం ఒక తీగ వేలాడింది. ఆ ఏకాక్షుడు కంపెనీ పోసి పంపిన ఊపిరితో రెండు రోజులు రెప్ప వాల్చకుండా కావలి కాశాడు. ఆ రెండు రోజులూ చెట్టు పూయలేదు. మూడోనాడు అతడు కన్నుమూశాడు, చెట్టు పూసింది, పువ్వు పోయింది. ఫోనులో కెమెరా చార్జి అంటూ మిగిలింది సున్నా శాతం.

ఇక యుద్ధం. లోహిత్ ముందుగా ఇంట్లోని సమస్త చార్జర్లనూ ఆయుధాల్లా నేలమీద పరిచాడు. కెమెరా వెనక రంధ్రంలో ఒక్క పిన్ను కూడా పట్టలేదు. తీగను ఊడదీసి తగిలించాడు, ఊది తగిలించాడు, రసజ్ఞ వద్దంటున్నా నాలుకకు ఆనించి తగిలించాడు. కస్టమర్ కేర్ అమ్మాయి, మీ పలక మీద ఎండ పడుతోందా సార్ అని అడిగితే, కొత్తగూడలో ఫాల్గుణంలో ఎండ పడుతోందా అని అడుగుతున్నారని భార్యకు వినిపించేలా వికటాట్టహాసం చేశాడు. అనంతరం లుంగీ ఎగగట్టి, పౌరాణిక ఫక్కీలో చెయ్యి చాచి కెమెరాను సంబోధించాడు.

"ఓరీ ఏకాక్షా, ప్రభాకర ప్రసాదం నెత్తిన కురుస్తుండగా ఉపవాసముండు మూర్ఖుడా. నేటి అస్తమయంలోగా నీ నోట ఒక్క శాతమైనను పలికింపనేని, నా డిగ్రీ సర్టిఫికెట్టును బజ్జీల బండికి దానమిచ్చెద."

"బజ్జీలు నాకు తెచ్చి ఇచ్చెదవా?" అంది రసజ్ఞ, గడప మీద కూర్చుని మామిడి ముక్క కొరుకుతూ. కాని ఆమె చూపు పడమటి దిక్కునే ఉంది. నాలుగున్నరకు అటువైపు గాజు టవరు నీడ టెర్రసును మింగేస్తుంది. ఆలోగా కెమెరా మేల్కొనకపోతే మొగ్గ గతి అంతే. అప్పటికి మూడున్నర.

సజ్జ ఎక్కడానికి నిచ్చెన కావలసి వచ్చింది. దాన్ని భుజాన మోసుకుని వాచ్‌మన్ యాదయ్య ఐదంతస్తులూ మెట్లెక్కి వచ్చి కింద పట్టుకున్నాడు. లోహిత్ మేరుశిఖరారోహణం చేసి పలకను నిశితంగా పరీక్షించి, పైనుంచి తీర్పు ప్రకటించాడు.

"అంతా పర్ఫెక్టు. నువ్వు పూసిన గంధం కూడా చెక్కుచెదరలేదు."

రసజ్ఞ మురిసిపోయింది. పలక కిందికి దిగి యాదయ్య చేతికి వచ్చింది. అతడు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎండకు పట్టి చూశాడు.

"ఏంది సారూ, తిరుపతి పోయొచ్చిన గుండుకు పూసినట్టు గింత గంధం పూసిండ్రు? గిట్ల కప్పేస్తే ఎండ లోపలికెట్ల పోతది?"

లోహిత్ రసజ్ఞ వైపు చూశాడు, రసజ్ఞ నీళ్లట్యాంకు వైపు చూసింది.

కెమెరా వచ్చిన రోజున అత్తగారు అమ్మణ్ణి వీడియోకాల్‌లో ప్రత్యక్షమై, కొత్త వస్తువు కదమ్మా, ఓ బొట్టు పెట్టి వాడండి అని ఆదేశించారు. కొత్త ఫ్రిజ్జుకు, కొత్త మిక్సీకి, కొత్త బకెట్టుకు పెట్టిన చెయ్యి రసజ్ఞది. ఒక్క బొట్టుతో ఆగుతుందా? కెమెరాకు నుదుట పసుపూ కుంకుమా దిద్ది, పలక నున్నగా, నల్లగా, ముచ్చటగా కనపడేసరికి అంచు నుంచి అంచు దాకా గంధం మెత్తి, పైన స్వస్తిక్ వేసి, నాలుగు మూలలా కుంకుమ అలంకరించింది.

"అత్తయ్యగారు ఒక్క బొట్టే పెట్టమన్నారు. నేనే కొంచెం ముచ్చటపడ్డాను."

"కొంచెమా?" అన్నాడు లోహిత్ నిచ్చెన మీదినుంచి. ఒక మెట్టు దిగి ఆగాడు. "నేనూ పక్కనే ఉన్నాను కదా. ఫోటో కూడా తీశాను."

"డిస్టింక్షను," అంది రసజ్ఞ.

అంతట ప్రారంభమైంది గంధాసుర సంహారం. ఎండకు ఎండి, గచ్చులా బిగిసిన ఆ లేపనం తడిగుడ్డకు లొంగలేదు, గోటికి లొంగలేదు. యాదయ్య తెచ్చిన చెంబెడు నీళ్లతో, లోహిత్ పాత టూత్‌బ్రష్షుతో, తన కొత్త చీర కొంగుతో రసజ్ఞ అపరకాళిలా విజృంభించింది. గంధపునీళ్లు మోచేతుల మీదుగా ధారలు కట్టాయి. గాజు టవరు నీడ ట్యాంకును తాకింది, బట్టల తీగను దాటింది. నాలుగు గంటలకు పలక అద్దంలా మెరిసి సజ్జ ఎక్కింది. ముగ్గురూ ఒకే ఫోను మీదికి వంగారు. సున్నా. సున్నా. ఒకటి.

యాదయ్య, ఇగ ఫికర్ లేదమ్మా అని నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. నీడ వచ్చి పలకను కప్పేసరికి ఏడు శాతం కూడింది. కెమెరా నుదుటి బొట్టు కూడా తుడవబోయిన భర్త చెయ్యి పట్టుకుని ఆపింది రసజ్ఞ, ఇది ఎండ తినదు కదా, ఉండనీ అని.

తెల్లవారుజామున కెమెరా ఎవరినో చూసి ఫోనులో గంట కొట్టింది. ఒకే దుప్పటిలోంచి రెండు తలలు లేచాయి. తెరమీద, నాలుగో అంతస్తు గోవిందప్ప. అనంతపురం పెద్దాయన, రోజూ పొద్దున్నే టెర్రసు మీద నడిచేవాడు, లిఫ్టులో కనపడితే బాగున్నావా తల్లీ అని పలకరించేవాడు. చేతిలో పూలబుట్ట. పూజకు కోసిన పువ్వుకు పాపం అంటదన్న సనాతన ధైర్యంతో ఆయన తొమ్మిదో మందారాన్ని తుంచి, తల ఎత్తాడు. ఎదురుగా, పసుపు కుంకుమలతో వెలుగుతున్న ఒంటికంటి మూర్తి. ఆయన చెప్పులు విడిచాడు.

"ఎప్పుడు వెలిస్తివి సామీ? రోజూ వస్తా పోతా నేను చూసుకోనే లేదే. ఈ పొద్దు పువ్వు నీకేలే."

ముడతల చెయ్యి తెర నిండా పెద్దదైంది. ఎర్రటి రేకు ఒకటి కంటికి అడ్డంగా వాలింది. తర్వాత అడుగుల చప్పుడు, ఖాళీ బుట్టతో మెట్లు దిగుతున్న చప్పుడు. ఏడు శాతం ఆరైంది.

రసజ్ఞ దుప్పటి విసిరి, చెదిరిన జడతోనే పరుగెత్తింది. కెమెరా తలమీద, మంచు తడి ఆరని ముద్దమందారం.

"దేవుడికి పెట్టిన పువ్వు కదా," అన్నాడు వెనకే వచ్చిన లోహిత్, కళ్లు నులుముకుంటూ.

"అందుకే ప్రసాదం," అంది రసజ్ఞ, వీపు అతడి వైపు తిప్పి పువ్వు అందిస్తూ.

కావున దిక్పాలకులు ఆలకింతురు గాక. కొత్తగూడ మహాసంగ్రామంలో, ఆరు శాతం శేషబలంతో, ఒక పాత టూత్‌బ్రష్షు వీరమరణానంతరం, తొమ్మిదింటిలో ఒక్క పువ్వు, కాస్త వంకరగా, జడనెక్కింది.