బీరువాకు అతుక్కున్న అయస్కాంతం

కోదాడ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ప్రభుదాస్ ఆ శనివారం పెట్టుకున్న పని చాలా చిన్నది. బామ్మర్ది సంజీవ్ పండించిన వంకాయలు సూర్యాపేటలో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు తీసుకుపోవాలి. వాటిలో పురుగుమందు లేదని వార్డెన్ కళ్లముందు పరీక్ష చేసి చూపించాలి. మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి.

మునగాలలో సంజీవ్ తన రెండెకరాలకు మందు కొట్టడం మానడానికి కారణం ప్రభుదాసే. "మందు మాను, కొనేటోళ్లు లైను కడతరు" అన్న బావ మాట నమ్మాడు. లైను పురుగులు కట్టాయి. ఈ హాస్టల్ ఆర్డరు కూడా రాకపోతే భూమి కౌలుకిచ్చేసి, మేళ్లచెరువు పోయి సిమెంటు లారీ ఎక్కుతానని తేల్చి చెప్పాడు. అది విన్నప్పటినుంచి ప్రభుదాస్‌కు అన్నం సయించడం లేదు.

పరీక్ష మాత్రం అతను ఏళ్ల తరబడి కుస్తీపట్టి తయారుచేసింది. కూరగాయ కడిగిన నీళ్లలో కంటికి ఆనని ఇనుప రేణువులు వేస్తే, మందు ఎంత కొంచెం ఉన్నా అవి పోయి పట్టుకుంటాయి. గాజు గొట్టం పక్కన అయస్కాంతం పెడితే రేణువులన్నీ ఒకవైపు చేరతాయి. నీళ్లు పారబోసి, మిగిలిన దాన్ని బంగారు రేణువులున్న ఎర్రటి ద్రావణంలో కలపాలి. ఎర్రగానే ఉంటే నిశ్చింతగా తినొచ్చు, నీలంగా మారితే మందు ఉన్నట్టు.

అగ్గిపెట్టెంత అయస్కాంతం చొక్కా జేబులో వేసుకుని, చేతిరుమాలు తీసుకుందామని ప్రభుదాస్ బీరువా ముందు వంగాడు. టప్పుమని జేబు తలుపుకు అతుక్కుంది, జేబుతోపాటు ప్రభుదాస్ కూడా.

"నవనీతా, జర ఇటు రా."

భార్య వచ్చి చూసింది. "పొద్దున్నే బీరువాను కావలించుకున్నరేంది?"

ఇద్దరూ కలిసి లాగితే చొక్కా చిరిగి మనిషి బయటపడ్డాడు. జేబూ, అందులోని అయస్కాంతమూ బీరువాకే ఉండిపోయాయి. నవనీత ఇనుప అట్లకాడ తెచ్చి ఎత్తబోతే అదీ అతుక్కుంది. ఈలోగా బయట సంజీవ్ ఆటో ట్రాలీ హారన్ మోగింది. ముందురోజే అక్క ఇంట్లో దించిపోయిన వంకాయలు ఎక్కించుకుని సిద్ధంగా ఉన్నాడు. అయస్కాంతం లేకుండా ఒక్కసారి చేస్తే కొంపలేం మునగవులే అనుకుని ప్రభుదాస్ వేరే చొక్కా తొడుక్కున్నాడు.

వార్డెన్ నాగరాణి తమకు రోజూ వచ్చే మార్కెట్ వంకాయలు కూడా ఒక పళ్లెంలో పెట్టి ఉంచింది. "సార్, నాకు కెమిస్ట్రీ తెల్వదు. ఎరుపా, నీలమా, అంతే చెప్పుర్రి."

సంజీవ్ వంకాయ కడిగిన నీళ్లు పడగానే ఎర్రటి ద్రావణం నీలమైపోయింది. మార్కెట్ వంకాయ నీళ్లకు ఎర్రగానే ఉంది.

"బావా, నా చేన్ల మందు డబ్బా సుత లేదు" అన్నాడు సంజీవ్. అంతలోనే పక్క పొలం పరశురాములు కొట్టిన మందు గాలికి వచ్చిందేమోనని అనుమానం తగిలి, ఫోన్ చేసి నాలుగు మాటలన్నాడు. పరశురాములు ఎనిమిదన్నాడు, చాలక బండి తీసి సూర్యాపేటకే బయలుదేరాడు.

నాగరాణికి వేరే భయం పట్టుకుంది. "మా పప్పు సుత సూడుర్రి సార్."

పప్పు నీలం. మజ్జిగ నీలం. మామిడికాయ తొక్కు పచ్చడి సంగతి చెప్పనక్కర్లేదు. తలుపు దగ్గర నిలబడ్డ పిల్లల్లో ఒకమ్మాయి కడుపు పట్టుకుంది, ఆమెను చూసి మిగతావాళ్లూ పట్టుకున్నారు. నాగరాణి దవాఖానకు చేయబోయిన ఫోన్ ఆపి వంటమ్మ వైపు తిరిగింది. "అచ్చమ్మా, ఏం కలిపినవ్ నిజం చెప్పు."

"ఏం కలుపుత మేడం? పప్పుల ఉప్పేసిన, మజ్జిగల ఉప్పేసిన, తొక్కుల ఉప్పేసిన. గదే తప్పా?"

ప్రభుదాస్ వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెప్పించాడు. మంచినీళ్లలో చిటికెడు ఉప్పు కలిపి ద్రావణంలో పోశాడు. నీలం. వెంటనే భార్యకు ఫోన్ చేశాడు.

"వంకాయలు కడిగి పంపినవా?"

"కడగకుంట పంపుతనా? ఉప్పునీళ్లల్ల నానబెట్టి రెండుసార్లు కడిగిన. మా తమ్ముని పరువు గద."

ఉప్పు తగిలినా ద్రావణం నీలమవుతుందని, ఆ ఉప్పును నీళ్లతో పారబోయించేదీ, కొంచెం మందునైనా పోగుచేసి చూపించేదీ అయస్కాంతమేనని ప్రభుదాస్ సిగ్గుపడుతూ చెప్పాడు. కడుపులు పట్టుకున్న పిల్లలు కాస్త నిరాశగా వదిలేశారు.

"గా అయస్కాంతం ఏది మరి?" అంది నాగరాణి.

"బీరువాకున్నది."

"బీరువా ఏడున్నది?"

"కోదాడల. ఇంటికి పోయి చేసుకొస్త మేడం."

"నా ముందట చేస్తెనే ఆర్డరు."

సంజీవ్ ట్రాలీని కోదాడ వైపు తిప్పాడు.

హైవే మీద ఆ బీరువాను చూసి పెళ్లి సామాననుకున్నవాళ్లు, పిల్లది ఏ ఊరని అడిగారు. చీరలూ, నగలూ అందులోనే ఉన్నాయి కనుక నవనీత బీరువాను వదలకుండా ముందు సీట్లో కూర్చుని వచ్చింది. కొట్లాటకని హాస్టల్ దగ్గర దిగిన పరశురాములు, బరువు దించడానికి ఒక చెయ్యి తక్కువైందంటే ముందు అది పట్టాడు.

హాస్టల్ వరండాలో నిలబెట్టిన బీరువాకు జేబూ, అట్లకాడా అలాగే ఉన్నాయి. ప్రభుదాస్ గొట్టాన్ని జేబుకు ఆనించి, మొదటినుంచీ పద్ధతి ప్రకారం చేశాడు. సంజీవ్ వంకాయ ఎర్రగా నిలబడింది. మార్కెట్ వంకాయ మెల్లగా నీలమైంది.

ప్రభుదాస్‌కు సంతోషంతో ఏడుపు ఒక్కటే తక్కువ. సంజీవ్ పరశురాములుకు దండం పెట్టి, బావ వైపు తిరిగి, "ఇగ నేను లారీ ఎక్క బావా" అన్నాడు.

"ఆర్డరు నీకే" అంది నాగరాణి. "కాని వారం వారం గిట్లనే పరీక్ష చేయాలె. ఊకె మోసుడెందుకు, బీరువా ఈడనే ఉండనీయుర్రి."

సంజీవ్ అక్క ముఖం చూశాడు. అక్క నగలు మాత్రం తీసి కొంగున కట్టుకుని, సరేనంది.

ఇప్పుడు నవనీత ప్రతి శనివారం సూర్యాపేట పోయి, ఆదివారం చర్చికి కట్టుకోవాల్సిన చీర తెచ్చుకుంటోంది.