మూడో నంబరు స్తంభానికి నల్లకోటు

పగిలిన స్తంభాన్ని బాగుచేయించేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. శుభ్రంగా కప్పెట్టగలిగినదాన్ని బాగుచేయడం దేనికండీ?

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మూడో నంబరు స్తంభం సరిగ్గా మా పడగ్గది కింద ఉంది. పెచ్చులూడి, లోపలి ఊచలు తుప్పుపట్టి, వచ్చేపోయేవాళ్లందరికీ దర్శనమిచ్చేది. మా ఇంటికొచ్చిన చుట్టాలు దాన్ని చూసి, కాఫీ చల్లారకముందే లేచిపోయేవారు. ఆ ఒక్క లాభం తప్ప దానివల్ల మాకు మనశ్శాంతి లేదు.

అప్పుడు మా సెక్రటరీగారు కార్బన్ ఫైబర్ సంగతి పట్టుకొచ్చారు. విమానాలకు వాడే సరుకట. నల్లటి గుడ్డ, దాన్ని అతికించడానికో జిగురు. స్తంభానికి చుట్టేస్తే చాలు, కవచం తొడిగినట్టే. గోడలు కూల్చక్కర్లేదు, ఇళ్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. ఇంతకన్నా వరం ఏముంది!

తీరా పనికొచ్చిన మేస్త్రి స్తంభాన్ని సుత్తితో అక్కడక్కడా తట్టి పేచీ పెట్టాడు.

"ముందు ఈ వదులు పెచ్చులన్నీ కొట్టెయ్యాలండి. తుప్పు గీకి, కొత్త కాంక్రీటుతో పూడ్చి, మూలలు గుండ్రంగా అరగదీసి, ఆ తర్వాతే గుడ్డ. నాలుగు రోజులు దుమ్ము లేస్తుంది."

దుమ్మా? మా కార్ల మీదా? వెంటనే మీటింగు పెట్టాం. మా మీటింగులెప్పుడూ సెల్లార్‌లోనే, కుర్చీలు వేసుకుని. నేను ముందురోజే కారుకు పాలిష్ పెట్టించానేమో, అందరికన్నా ముందు చెయ్యెత్తింది నేనే. పెచ్చులు కొట్టకుండానే గుడ్డ చుట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

"అలా చుడితే గుడ్డ పెచ్చుకి అంటుకుంటుంది సార్, స్తంభానికి కాదు" అన్నాడు మేస్త్రి.

"నీకు చెప్పిన పని నువ్వు చెయ్యవయ్యా" అన్నారు సెక్రటరీగారు.

ఏం చెప్పమంటారు ఆ అందం! నల్లకోటు వేసుకున్న పెళ్లికొడుకులా ఉంది స్తంభం. పగులు పెరుగుతోందో లేదో చూసుకునే శ్రమ తప్పింది. తెలియనిదానికి భయపడాల్సిన పని లేదు కదా? వేలితో తడితే మాత్రం లోపల డొల్లగా మోగుతుంది. అందరూ ఒకసారి తట్టి చూశారు. రెండోసారి ఎవరూ తట్టలేదు.

మర్నాడు సెక్రటరీగారు కారుకి గాలి తగలాలని వీధిలో పెట్టారు. వారం తిరిగేసరికి అందరి కార్లకీ గాలి అవసరమైంది. నా కారు కూడా బయటే ఉంది. మా అమ్మాయి పడగ్గదిలో గెంతే తాడాట మాత్రం మా ఆవిడ మాన్పించేసింది.

"కార్లన్నీ వీధిలోనే ఉన్నాయిగా. ఇప్పుడు దుమ్ము లేస్తే ఎవరికి నష్టం? ఆ మేస్త్రిని పిలిచి సరిగ్గా చేయించండి" అంది ఆవిడ.

మాట నిజమే. కానీ మేం పద్ధతి గలవాళ్లం. తీర్మానం మార్చాలంటే మళ్లీ మీటింగు కావాలి, మీటింగు సెల్లార్‌లోనే జరగాలి. మూడుసార్లు నోటీసు పెట్టారు. సెక్రటరీగారితో సహా ఒక్కరూ కిందికి దిగలేదు.

నిన్న నాలుగో నోటీసు వచ్చింది. సెల్లార్ మెట్ల దాకా వెళ్లాను. నిజం చెప్పొద్దూ, భయమేసింది. పైమెట్టు మీదే కాసేపు నిలబడి, ఇంటికొచ్చి, మా అమ్మాయిని మెల్లగా నడవమన్నాను.