కరకరలాడిన సాక్ష్యం

మంగళవారం ఉదయం ఆర్లిస్ పెట్టుకున్న పని ఒక్కటే: కాలీఫ్లవర్ వేయించడం. నూనె చుక్క తగలకుండా, ఉప్పు చిటికెడు మించకుండా వేయించి, భర్త మెర్ల్ మొహం ముడుచుకున్నా సరే తినిపించాలి. మెర్ల్ మా ఊరి స్కూలు బస్సు నడుపుతాడు. రెండేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు. శుక్రవారం అతనికి ఏడాది పరీక్ష. కొవ్వు అంకెలు దిగకపోతే బస్సు కాగితం మీద సంతకం పెట్టనని డాక్టర్ పోయినసారే మొహమాటం లేకుండా చెప్పేశాడు. మెర్ల్‌కు ఆ పసుపుపచ్చ బస్సంటే ప్రాణం. ఆర్లిస్‌కూ ప్రాణమే. బస్సు లేని మెర్ల్ పొద్దస్తమానం ఇంట్లో కూర్చుంటే తన గతేమిటో ఆమె ఊహించుకోగలదు. అందుకని ఆ వారంలో శుక్రవారం తప్ప ఇంకో రోజు ఉందన్న సంగతే మరిచిపోయింది.

కూతురు క్రిస్మస్‌కు పంపిన ఎయిర్ ఫ్రయర్ తెరిచింది. బుట్ట పైకి తీసేసరికి అడుగున తెల్లగా పేరుకున్న కొవ్వు కనిపించింది. ఆ కొవ్వులో నానిపోయిన బ్రెడ్డు ముక్క ఒకటి. మూలన గోధుమరంగు పలుకు ఒకటి. ఆర్లిస్ దాన్ని వేలితో తీసి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుంది. బేకన్, అదే ఉప్పులో ఊరబెట్టిన పందిమాంసం! అందులోనూ బ్రౌన్ షుగర్ చల్లి కరకరలాడేలా వేయించిన బేకన్.

ఆ ఇంట్లో రెండేళ్లుగా బేకన్ అన్న మాటే లేదు. మెర్ల్ డాక్టర్ మానమంటే మానేశాడు. ఎవరూ మానమనకపోయినా ఆర్లిస్ కూడా అతనితోపాటు మానేసింది. అది ఎంత కష్టంగా ఉందో ఒక్కరోజూ నోరు తెరిచి చెప్పలేదు. ఆ పలుకు నాలుక మీద కరిగిపోతుంటే ఆమెకు కోపంతోపాటు ఇంకేదో కూడా వచ్చింది. కోపం ఒక్కటే అనుకుని సరిపెట్టుకుంది.

కుర్చీ లాక్కుని కూర్చుని ఆలోచించింది. మెర్ల్‌కు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. పొగ రాకుండా బుట్ట కింద బ్రెడ్డు ముక్క పెట్టారంటే ఇది చెయ్యి తిరిగిన మనిషి పని. సోమవారం మధ్యాహ్నమంతా తను చర్చిలో బొంతలు కుడుతూ ఉంటుంది. పొద్దుటి పిల్లల్ని దింపేశాక సాయంత్రం దాకా మెర్ల్‌కు పనుండదు. అంటే తన వంటింట్లో, తన ఎయిర్ ఫ్రయర్‌లో, ఎవరో ఆడమనిషి తన మొగుడికి బేకన్ వేయించి పెడుతోంది!

ఆర్లిస్ బూట్లు తొడుక్కుని గరాజ్‌లోకి నడిచింది. ఫిబ్రవరిలో మా ఊరి గరాజ్‌లన్నీ ఫ్రిజ్‌లే, దాచుకునేది ఏదైనా అక్కడే ఉంటుంది. మంచు మీద చల్లే ఉప్పు బస్తా వెనకాల, పైన రేకు కాగితం కప్పిన గాజు ట్రే దొరికింది. లోపల ఇరవై నాలుగు క్రాకర్లు, ఉప్పు బిస్కట్లు. ఒక్కోదానికి ఒక్కో బేకన్ చీలిక నడుముకు పటకా కట్టినట్టు చుట్టి ఉంది. ట్రే ఎత్తి అడుగున చూసింది. చర్చి విందుల్లో ట్రేలు కలిసిపోకుండా మా ఊళ్లో ప్రతి ఇల్లాలూ అడుగున టేపు అంటించి పేరు రాసుకుంటుంది. ఈ టేపు మీద గుండ్రటి అక్షరాలతో "లవాన్" అని ఉంది.

లవాన్ రెండు వీధుల అవతల ఉంటుంది. భర్త పోయి మూడేళ్లయింది. జుట్టు ఎప్పుడూ చెదరదు. ఆమె చేసే బేకన్ క్రాకర్లకు జిల్లాలో పేరుంది. ఆర్లిస్‌కు ఇక అనుమానం తీరిపోయింది.

ట్రే అక్కడే వదిలేస్తే మెర్ల్ తింటాడు, బస్సు పోతుంది. చెత్తలో పారేద్దామంటే చేతులు రావు. వాడిన రేకు కాగితాన్ని కూడా కడిగి ఆరేసే తల్లి కడుపున పుట్టింది ఆమె. పొరుగింట్లో ఇస్తే ఎక్కడిదని అడుగుతారు. ఇక మిగిలిన దారి ఒక్కటే. మొదటి ఆరూ కోపంతో తింది. తరవాతి ఆరూ బాధ్యతతో తింది. మిగతా పన్నెండింటికీ కారణం వెతుక్కోలేదు.

మెర్ల్ పొద్దుటి బస్సు ముగించుకుని వచ్చి తిన్నగా గరాజ్‌లోకి వెళ్లాడు. చాలాసేపు అటూ ఇటూ జరిపిన చప్పుళ్లు వినిపించాయి.

"ఏం వెతుకుతున్నావు?" గుమ్మంలోంచి అడిగింది ఆర్లిస్.

"నేనా? పార."

"పార నీ చేతిలోనే ఉంది."

"ఆ... ఇదే, ఇదే. దొరికింది." మెర్ల్ బయటికి వెళ్లి, మంచు లేని చోట గీకడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఆర్లిస్‌కు ట్రేతో చిక్కొచ్చింది. పగవాళ్ల ట్రే అయినా సరే, మా ఊళ్లో ఖాళీగా తిరిగివ్వరు. అలా ఇచ్చినవాళ్ల గురించి వాళ్ల మనవల తరం దాకా చెప్పుకుంటారు. అందుకని డాక్టర్ ఇచ్చిన కరపత్రం చూసి ఓట్స్ తవుడుతో బిస్కట్లు చేసి, ట్రే నిండా పేర్చి, లవాన్ ఇంటి తలుపు తట్టింది.

"ఆర్లిస్! లోపలికి రా, చలి చంపేస్తోంది," అంటూ తలుపు తీసింది లవాన్.

"రాను. నీ ట్రే ఇచ్చిపోదామని వచ్చా."

లవాన్ ట్రేని చూసి తెల్లబోయింది. "అదేంటి, ఇది నీ దగ్గరికెలా... అంటే, శనివారం దాకా నాకక్కర్లేదుగా!"

"శనివారం ఏముంది?"

"శనివారమా? ఏముంటుంది... శుక్రవారం తర్వాత వస్తుంది, అంతే."

"ఇవి బిస్కట్లు. గుండెకి మంచివి. ఎవరి గుండె గురించి చెబుతున్నానో నీకు తెలుసు."

"అయ్యో, ఎందుకే ఇంత శ్రమ! ఏం వేశావు వీటిలో?"

"ఉప్పు లేదు, పంచదార లేదు, వెన్న లేదు."

"మరి ఏముంది?"

"తవుడు," అని ఆర్లిస్ వెనక్కి తిరిగింది. దారి పొడుగునా శనివారం గురించే ఆలోచించింది. శనివారం ఊరి హాల్లో జంటలు చేసే పోల్కా డాన్స్ ఉంది. మెర్ల్ ముప్ఫై ఏళ్లుగా తనతో డాన్స్ చేయలేదు. నడుం నొప్పని చెబుతూ వచ్చాడు. ఆ నడుం లవాన్ దగ్గర బాగానే వంగుతుంది కాబోలు అనుకునేసరికి ఆమెకు ఏడుపొచ్చింది.

బుధవారం ఆర్లిస్ గరాజ్‌లోకి వెళ్లేసరికి ఉప్పు బస్తా వెనకాల అదే ట్రే, అదే టేపు, మళ్లీ ఇరవై నాలుగు. ఈసారి చీటీ కూడా ఉంది: "మెర్ల్, శనివారానికి మళ్లీ చేశా. ఈసారైనా బాగా దాచు." ఆర్లిస్ చీటీని జేబులో పెట్టుకుంది. మిగతా సాక్ష్యాన్ని నిలబడే తినేసింది. సాయంత్రం ఉప్పులేని క్యాబేజీ సలాడ్‌తో ట్రే లవాన్ ఇంటికి చేరింది. గురువారం పొద్దున అది మళ్లీ గరాజ్‌లో ఉంది. శుక్రవారానికి ఇంక ఒక్క రోజే. ఒక్క ముక్క కూడా మెర్ల్ నోటికి అందకూడదని ఆర్లిస్ పళ్ల బిగువున ఇరవై నాలుగూ పూర్తిచేసి, ఉడికించిన బీన్స్‌తో బయల్దేరింది. గుండె కొంచెం దడదడలాడింది. దానికి కారణం లవానే అనుకుంది.

ఎదురింటి ఆర్డిత్ కిటికీ దగ్గర కూర్చుని ఇదంతా చూస్తూనే ఉంది. మా ఊళ్లో ఒకే ఇంటికి వరసగా మూడు రోజులు ట్రేలు వచ్చిపోయాయంటే అక్కడ ఆరోగ్యం చెడిందనే లెక్క. మెర్ల్ గుండె సంగతి అందరికీ తెలిసిందే. పైగా ఆర్లిస్ మొహం చూస్తే పీక్కుపోయి ఉంది. ఆర్డిత్ చర్చి ప్రార్థనల గొలుసుకు ఫోన్ చేసింది. ఆ గొలుసులో ఒకరు ఇంకొకరికి, వాళ్లు ఇంకొకరికి ఫోన్ చేసి ప్రార్థించమని చెబుతారు. మొదటి ఫోన్లో మెర్ల్‌కు నలతగా ఉంది. నాలుగో ఫోన్లో మంచం దిగలేకపోతున్నాడు. తొమ్మిదో ఫోన్ వచ్చేసరికి ఇంక దేవుడే చూడాలి.

మధ్యాహ్నం మూడింటికి తలుపు చప్పుడైంది. ఆర్డిత్ చేతిలో పొగలు కక్కే హాట్‌డిష్. అడుగున మాంసం, మధ్యలో చీజు, పైన బంగాళాదుంప బిళ్లలు. కష్టంలో ఉన్న ఇంటికి మేం తీసుకెళ్లేది అదే.

"ధైర్యంగా ఉండు ఆర్లిస్," అంది ఆర్డిత్, గొంతు తగ్గించి.

ఆర్లిస్ మొహం ఎర్రబడింది. "నీకు కూడా తెలిసిపోయిందా?"

"ఊరంతా తెలిసింది. ఇలాంటివి దాగుతాయా?"

"ఎన్నాళ్ల నుంచీ?"

"అదేంటే, రెండేళ్ల నుంచీ పాపం మెర్ల్ పోరాడుతూనే ఉన్నాడుగా."

"పోరాడుతున్నాడా! వాడి మొహం!"

"అలా అనకు. మగాడు ఎంతకని తట్టుకుంటాడు? ఆ లవాన్‌ది మంచి మనసు, ఇలాంటప్పుడు దగ్గరుండి చూసుకుంటోంది."

"దగ్గరుండి చూసుకుంటోందా!" ఆర్లిస్ గోడ పట్టుకుంది.

"ఏడిస్తే ఏడువు, తేలికవుతుంది," అని ఆర్డిత్ ఆమె వీపు నిమిరి వెళ్లిపోయింది. ఆ వెనకే ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. నాలుగింటికి వంటింటి బల్ల మీద పదకొండు హాట్‌డిష్‌లు చేరాయి. ఊరంతా తన పరువు మీద జాలిపడి వండి తెస్తోందని ఆర్లిస్ ఒక్కోటీ తలొంచుకుని అందుకుంది. అంతలో స్కూలు ఆఫీసు నుంచి ఫోన్.

"మెర్ల్ గారి విషయం ఇప్పుడే తెలిసిందమ్మా. చాలా బాధేసింది. రేపటి నుంచి బస్సుకి వేరే మనిషిని పెట్టేశాం."

"అదేంటండీ! ఇంటి సంగతికీ బస్సుకీ ఏం సంబంధం?"

"అలాంటి పరిస్థితిలో పిల్లల్ని ఎక్కించుకుని నడపనిస్తామా అమ్మా?"

ఆర్లిస్ ఫోన్ పెట్టేసేసరికి మెర్ల్ సాయంత్రం బస్సు ముగించుకుని వచ్చాడు. బూట్ల మంచు దులుపుతూ, బుగ్గలు ఎర్రగా, ఈల వేస్తూ లోపలికి వచ్చి, బల్ల కేసి చూసి ఆగిపోయాడు.

"ఇన్ని హాట్‌డిష్‌లేంటి? ఎవరు పోయారు?"

ఆర్లిస్ ఒక ట్రే మీద ఉన్న కార్డు విప్పి చూసింది. "మెర్ల్‌కు ప్రభువు శాంతినిచ్చుగాక" అని ఉంది.

"నువ్వే," అంది.

సంగతి విన్నాక మెర్ల్ ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా కుర్చీలో కూలబడ్డాడు. "బస్సు తీసేసుకున్నారా?" అని మాత్రం అడిగాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆ గొంతు ఆర్లిస్ వినలేదు. ఆ బస్సు కోసమే కదా మూడు రోజులుగా ఇన్ని తిప్పలు పడింది, చివరికి ట్రేలతో తను తిరిగిన తిరుగుడే దాన్ని ఊడగొట్టింది. చీటీ సంగతి నోటిదాకా వచ్చినా మింగేసి, "రేపు డాక్టర్ సంతకం పెడితే వాళ్లే తిరిగిస్తారులే," అంది.

శుక్రవారం ఇద్దరూ కలిసే ఆసుపత్రికి వెళ్లారు. ఒకే ప్రయాణంలో అయిపోతుందని ఏటా ఇద్దరికీ రక్తపరీక్ష అదే రోజు. పదకొండింటికి డాక్టర్ పిలిచాడు. మెర్ల్ టోపీని చేతుల్లో నలుపుతూ కూర్చున్నాడు.

డాక్టర్ కాగితం చూసి కళ్లజోడు సర్దుకున్నాడు. "మెర్ల్ గారూ, పదేళ్లలో మీ అంకెలు ఇంత బాగా ఎప్పుడూ లేవు. ఇదిగో, సంతకం పెట్టేస్తున్నా."

"మీ మిషన్ పాడైంది డాక్టర్ గారూ!" ఆర్లిస్ లేచి నిలబడింది. "ఈ మనిషి బేకన్ తింటున్నాడు. లవాన్ పెడుతోంది. నా దగ్గర చీటీ ఉంది!"

మెర్ల్ నోరు తెరుచుకుంది. "నేను తినడమేంటి? ఒక్క ముక్క ముట్టుకుంటే ఒట్టు! అవి నీకు."

"నాకా?"

"రేపు నీ పుట్టినరోజు కాదూ? రెండేళ్లుగా నా మూలంగా నువ్వూ నోరు కట్టుకున్నావు. నువ్వు చెప్పకపోతే నాకు తెలీదా? లవాన్‌ని అడిగి నేర్చుకున్నా. మొదటి వాయి బొగ్గయింది, ఇల్లంతా పొగ. అప్పుడు ఆవిడే చెప్పింది, బుట్ట కింద బ్రెడ్డు పెట్టమని. తీరా చేసి గరాజ్‌లో పెడితే మాయం! పాపం లవాన్ రెండుసార్లు చేసిచ్చింది, అవీ మాయమే. నీకు ఖాళీ ట్రేలే దొరికాయేమో, ఎలకలు తిన్నాయనుకుని నిన్న బోను కూడా పెట్టాను."

ఆర్లిస్‌కు కళ్లనిండా నీళ్లు తిరిగాయి. సిగ్గేసింది, ఆ సిగ్గుకు మించి సంతోషమేసింది. మెర్ల్ చెయ్యి పట్టుకుంది. డాక్టర్ ఈలోగా రెండో కాగితం చదువుతున్నాడు. ఒకసారి చదివి, పైనున్న పేరు చూసి, మళ్లీ చదివాడు.

"ఆర్లిస్ గారూ, బీపీ ఇంత ఉంది. రక్తంలో కొవ్వు అంతకన్నా ఉంది. పోయినేడు మీకివేమీ లేవే! ఈమధ్య అసలేం తిన్నారు?"

మెర్ల్ మెల్లగా భార్య కేసి తిరిగాడు. అతని మొహంలో ఎలకల మీద అనుమానం తొలగిపోవడం స్పష్టంగా కనిపించింది.

"సాక్ష్యం," అంది ఆర్లిస్.

సోమవారం నుంచి మెర్ల్ మళ్లీ బస్సెక్కాడు. హాట్‌డిష్‌లు ఆ ఇంట్లో ఎవరూ తినడానికి వీల్లేదు కనుక బస్సుల షెడ్డుకు పోయాయి. గరాజ్ తాళంచెవి, డాక్టర్ కరపత్రం మెర్ల్ చేతికి వచ్చాయి. ఆర్లిస్ ఏం తింటోందో అతను ఇప్పుడు ఎంత కనిపెట్టి చూస్తాడంటే, ఆమె చర్చికి వెళ్లొస్తే కోటు వాసన కూడా చూస్తాడు. ఇక తిరిగివ్వాల్సిన హాట్‌డిష్ ట్రేలు పదకొండు. ఒక్కటీ ఖాళీగా ఇవ్వడానికి లేదు, వాళ్లింట్లో వండేది మాత్రం ఒక్కటే.

ఆ నెలంతా ఊళ్లో అందరం తవుడు బిస్కట్లే తిన్నాం.