చక్కెర లేని బిస్కెట్టూ, మా అక్క చిటికెన వేలూ

మానవజాతి చక్కెరను జయించింది. ఈ విజయవార్త ముందుగా మా వీధి చివరి సూపర్ మార్కెట్లో, షాంపూలకీ కుక్క బిస్కెట్లకీ మధ్యనున్న అరలో వెలువడింది. ఆకుపచ్చ ప్యాకెట్ మీద ఒక సన్నటి అమ్మాయి పరిగెడుతూ నవ్వుతోంది (ఎవరిని చూసి నవ్వుతోందో నాకు తర్వాత తెలిసింది). ఆమె తల మీద పెద్ద అక్షరాలు: ‘చక్కెర లేదు’. లోపలి బిస్కెట్టు మాత్రం తియ్యగా ఉంటుంది. విజ్ఞానం అంటే అదే.

మా ఇంట్లో ఉండేది ఇద్దరమే, మా అక్కా నేనూ. అక్కకి షుగరు. ఆమె ఎడమకాలి చిటికెన వేలు కొన్నాళ్ళుగా నల్లబడుతోంది. కాళ్ళ డాక్టరు టార్చి వేసి దాన్ని చూసి, గోడవైపు తిరిగి చెప్పాడు.

"నెలాఖరుకి షుగర్ దిగితే వేలుంటుంది. దిగకపోతే తీసేద్దాం."

"తీసి మీరేం చేసుకుంటారు బాబూ?" అంది అక్క.

వెళ్ళిపోవడాల గురించి నాకు కొంత తెలుసు. మా ఇంట్లోంచి వెళ్ళిపోయినవాళ్ళలో ఎవరూ వెళ్ళిపోతున్నామని చెప్పలేదు. అందరూ వెళ్ళొస్తామనే చెప్పారు. బావగారు సంచీ భుజాన తగిలించుకుని, వెళ్ళొస్తానన్నారు. మా ఆయన పాల ప్యాకెట్ కోసమని వెళ్ళొస్తానన్నారు. పాల ప్యాకెట్‌ని తర్వాత ఎవరో తెచ్చిచ్చారు. అందుచేత ఈ వేలి విషయంలో నేను ముందే మేలుకున్నాను. చక్కెర డబ్బాని బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి దిండు కింద పెట్టుకున్నాను. తేనె సీసా పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను. ఇంత పకడ్బందీ చేశాక, అక్క నోరు చప్పబడకుండా ఉండాలని ఆకుపచ్చ ప్యాకెట్లు తెచ్చి పెట్టాను.

"ఇందులో చక్కెర లేదంటావా?" అంది అక్క మొదటిది కొరికి.

"లేదక్కా. పెద్దక్షరాలతో రాశారుగా."

"మరి ఇంత తియ్యగా ఉందేమే?"

"నువ్వు తీపి మానేసి చాన్నాళ్ళయింది కదా, అలా అనిపిస్తుంది."

అక్క నమ్మింది. నేనూ నమ్మాను. చక్కెర లేదని రాసి ఉంది కాబట్టి అది మందు కిందే లెక్క అని ఇద్దరం తీర్మానించుకున్నాం. మందు పూట తప్పకూడదు. అక్క డాక్టరు రాసిన మాత్రలు మరిచిపోయేది గానీ దీన్ని ఒక్కసారీ మరిచిపోలేదు. నీరసంగా ఉంటే రెండు వేసుకునేది. బాగుంటే, బాగుంది కదా అని మూడు.

మళ్ళీ రక్తపరీక్ష చేయిస్తే షుగరు దిగకపోగా మేడెక్కింది. డాక్టరు కాగితాన్ని చూసి, కళ్ళజోడు మీదనుంచి అక్కని చూశాడు.

"పెద్దమ్మా, నిజం చెప్పండి. ఎవరికీ తెలీకుండా ఏం తింటున్నారు?"

"నా ఒట్టు బాబూ. ఇది తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది."

డాక్టరు నవ్వాడు. పెద్దవాళ్ళందరూ ఇలాగే అంటారని ఆ నవ్వుకి అర్థం. (ఆయన వెనక గోడకి ఒక క్యాలెండరు వేలాడుతోంది. దాని మీద అదే సన్నటి అమ్మాయి పరిగెడుతోంది.)

ఇంటికొచ్చి నేను సోదా మొదలుపెట్టాను. దిండు తీశాను. పరుపెత్తాను. బట్టల మడతలు విప్పాను. దొంగసొత్తు ఏమీ దొరకలేదు. మంచం కింద ఖాళీ ఆకుపచ్చ ప్యాకెట్ల కుప్ప మాత్రం దొరికింది. అవి ఆరోగ్యానికి సంబంధించినవి కాబట్టి వాటిని అనుమానితుల్లో చేర్చలేదు.

అక్క మంచమ్మీద కూర్చుని చూస్తూ ఉంది.

"ఇన్నేళ్ళొచ్చాక నన్ను దొంగని చేశావు కదే," అంది. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. మాట్లాడని ఇల్లు ఎలా ఉంటుందో నాకు అలవాటే. ఇంకోసారి అలవాటు చేసుకునే ఓపిక మాత్రం లేదు.

ఏం తోచక ఖాళీ ప్యాకెట్ ఒకటి తీసుకుని చదవడం మొదలుపెట్టాను. నేను బడికి వెళ్ళలేదు. కొట్లో సరుకులు కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అందుచేత నా చదువంతా పొట్లాలదే. భూతద్దం పెట్టి వెనక వైపు చూశాను. ముందు వైపు అక్షరాలు ఏనుగుల్లా ఉంటే వెనక వైపువి చీమలు. చీమలు ఎక్కడ చేరతాయో అందరికీ తెలిసిందే.

మాల్టోడెక్స్ట్రిన్. డెక్స్ట్రోజ్. బియ్యపు సిరప్. గాఢత పెంచిన పండ్లరసం. అన్నిటికీ కింద, చీమలకే కళ్ళజోడు అవసరమయ్యే సైజులో ఇంకో వాక్యం: ‘ఒక వడ్డనకు చక్కెర సున్నా. వడ్డన అనగా బిస్కెట్టులో ఆరవ వంతు.’

ఆరవ వంతు తిని ప్యాకెట్ మూసేసే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

మర్నాడు అక్కని ఆటో ఎక్కించి తీపి నిర్ధారణ కార్యాలయానికి తీసుకెళ్ళాను. ఆహారంలో తీపి ఉన్నదీ లేనిదీ తేల్చడానికి ప్రభుత్వం స్థాపించిన ఏకైక కార్యాలయం ఇదే. (నాలుక అనేది మనిషికో రకంగా చెప్తుంది కాబట్టి దాన్ని చట్టం గుర్తించదు.) అక్కడ ఉప తీపి అధికారి ఉన్నారు. బల్ల మీద టీ, టీ పక్కన ఆకుపచ్చ ప్యాకెట్.

"కూర్చోండమ్మా. ఏంటి సమస్య?"

"ఇందులో చక్కెర ఉంది బాబూ."

"లేదమ్మా. దాని చుట్టాలున్నారు." ఆయన గోడ మీది పటం చూపించారు. అది తీపివారి వంశవృక్షం. డెక్స్ట్రోజ్ చక్కెరకి తమ్ముడి వరస. మాల్టోడెక్స్ట్రిన్ మేనత్త కొడుకు. సిరప్‌లన్నీ రెండో భార్య పిల్లలు. పండ్లరసం ఇల్లరికపుటల్లుడు. "నిషేధం చక్కెరగారికి ఒక్కరికే. చుట్టాలొస్తే మేం ఆపలేం."

"చుట్టాలంతా కలిసి మా అక్క వేలు తినేస్తున్నారు."

"అయితే ఫిర్యాదు ఇవ్వండి. బిస్కెట్టు నమూనా తెచ్చారా?"

సంచిలోంచి ప్యాకెట్ తీసి ఇచ్చాను.

"ఇది విప్పేసి ఉందమ్మా. మీరే చక్కెర చల్లి తెచ్చారేమో, మాకెలా తెలుస్తుంది?"

విప్పని ప్యాకెట్ తీసి ఇచ్చాను. ఇలాంటిది అడుగుతారని నాకు తెలుసు.

"ఇది ఎవరూ తినలేదు కదా. తినని బిస్కెట్టు వల్ల నష్టమేముంది?"

"తిన్నదానివల్ల నష్టం ఇదిగో," అని అక్క చెప్పు విడిచి, కాలెత్తి ఆయన బల్ల మీద, టీ కప్పు పక్కన పెట్టింది. ఆఫీసుల్లో ఎలా ప్రవర్తించాలో అక్కకి ఎప్పుడూ తెలీదు. ఉప తీపి అధికారి కప్పు కొంచెం పక్కకి జరుపుకుని, వేలిని శ్రద్ధగా పరిశీలించారు.

"వేలు ఇంకా ఉంది కదమ్మా," అన్నారు.

"ఉంది. అది ఉండాలనే వచ్చాం."

"ఉన్నదాన్ని నష్టం అనడానికి రూలు ఒప్పుకోదు. భయం అంటారు. భయాలు వేరే శాఖ చూస్తుంది. పోయాక రండి. అప్పుడది నష్టం అవుతుంది, వెంటనే చర్య తీసుకుంటాం."

"పోయాక వేలు పట్టుకుని రమ్మంటారా?" అన్నాను.

"అసలు ఒకటి, నకళ్ళు రెండు."

"నకళ్ళకేం కొదవ బాబూ," అంది అక్క, "ఇంకా తొమ్మిదున్నాయిగా."

ఆయన నవ్వలేదు. ఫిర్యాదు తీసుకుని ముద్ర వేసి, మర్యాదస్తుడు కాబట్టి మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపడానికి లేచారు. కొంచెం కుంటుతున్నారు. ఎడమ బూటు ముందుభాగం లోపలికి నొక్కుకుపోయి, ఖాళీగా ఉంది. అక్క చూసింది. నేనూ చూశాను. మేం చూడటం ఆయన చూశారు.

"నాది విచారణలో ఉంది," అన్నారు.

ఆటోలో అక్క నా చెయ్యి పట్టుకుంది. సోదా జరిగాక నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

"దొంగ నేను కాదని తేలింది కదే?"

"తేలింది అక్కా."

"అయితే చాలు. వేలిదేముంది, చెప్పులో ఎప్పుడూ ఇరుక్కునేది."

ఆ రోజే మిగిలిన ఆకుపచ్చ ప్యాకెట్లన్నిటినీ ఇంట్లోంచి వెళ్ళగొట్టాను; బిస్కెట్లు బంద్. షుగరు దిగడం మొదలైంది. కానీ అది మెట్టు మెట్టుగా దిగింది, నెలాఖరు మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చింది. డాక్టరు మళ్ళీ టార్చి వేసి చూసి, మళ్ళీ గోడతోనే మాట్లాడాడు.

ఆపరేషన్ రోజు ఆసుపత్రి వరండాలో ఉండగా నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ‘మీ ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కరించబడింది. ఇకపై వడ్డన అనగా బిస్కెట్టులో పన్నెండవ వంతు. మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ అక్కకి చదివి వినిపించాను.

"సగానికి సగం తగ్గించారే!" అంది అక్క మెచ్చుకోలుగా. "పెద్ద మనసు."

వార్డు బాయ్ బండి తోసుకొచ్చాడు. అక్కని దాని మీద పడుకోబెట్టారు. నేను దుప్పటి సర్దుతున్నట్టు నటిస్తూ దాని అంచు పట్టుకుని వదల్లేదు. అక్క నా వేళ్ళని ఒక్కొక్కటే విడిపించింది.

"వెళ్ళొస్తానే. అలా మొహం పెట్టకు."

"వెళ్ళొస్తానని అనకు అక్కా. ఇంకేదైనా అను."

"మరేమనాలే? వేలు వెళ్తుంది, నేనొస్తాను. సరేనా?"

తలుపు మూసుకుంది. దాని మీద ఎర్ర దీపం వెలిగింది. నేను అక్క చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, ఎడమదాని చివర ఇరుకుగా ఉండే చోటు తడుముతూ కూర్చున్నాను. ఎంతసేపటికి తలుపు తెరుచుకుంటుందో ఎవరూ చెప్పలేదు. కాసేపటికి క్యాంటీన్ మనిషి ట్రే పట్టుకుని వచ్చి, పేషెంటు పేరు చూసుకుని, ఒక పొట్లం నా పక్కన పెట్టాడు.

"షుగర్ పేషెంటే కదమ్మా? ఆపరేషన్ అయ్యాక ఇది పెట్టండి. ఇందులో చక్కెర ఉండదు."

ఆకుపచ్చ ప్యాకెట్. అదే సన్నటి అమ్మాయి, అదే పరుగు. మా ఇంట్లోంచి వెళ్ళినవాళ్ళలో ఇంతవరకు తిరిగొచ్చింది చక్కెర ఒక్కటే.